కుప్ప పోశాక అడిగే ప్రశ్న

కిందటేడు ఒక ఇంటర్వ్యూలో బల్లకి ఇవతల కూర్చునే వంతు నాకొచ్చింది. అవతల నరసరావుపేట పక్క పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి. డేటాబేసును ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ గురించి పాతికేళ్ళుగా అందరూ అడిగేదే నేనూ అడిగాను. "ఎస్‌క్యూఎల్‌లో వేర్‌కీ హ్యావింగ్‌కీ తేడా ఏంటమ్మా?"

హైదరాబాదు అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో డేటాబేస్ పాఠం విన్నవాళ్ళెవరికైనా ఈ జవాబు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. జిరాక్సు నోట్సులో ఎర్ర పెన్నుతో గీత గీయించి మరీ చెప్తారు. "వేర్ రోల మీద పనిచేస్తుంది సార్, హ్యావింగ్ గ్రూపుల మీద." ఆ అమ్మాయీ గడగడా అప్పజెప్పింది. అయితే అప్పజెప్పి ఊరుకోలేదు. "రెండూ చేసేది వడగట్టడమే కదండీ, మరి రెండు మాటలెందుకు పెట్టారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పాతికేళ్ళు వాడిన మాట పుట్టుక తెలియదని అందరి ముందూ ఒప్పుకోలేక "మంచి ప్రశ్న" అని తప్పించుకున్నాను. తప్పించుకున్న ప్రశ్న ఇంటిదాకా వెంటపడింది.

ఆ అమ్మాయి వాళ్ళు మిర్చి వేస్తారని మాటల్లో తెలిసింది కాబట్టి గుంటూరు యార్డుతోనే మొదలుపెడతాను. యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగాయి. ఒక్కో టిక్కీ ఒక్కో రో అనుకోండి. రైతు పేరు, రకం, తరగతి, క్వింటా ధర అందులో కాలమ్‌లు. ముందు తాలుకాయ టిక్కీలు పక్కకు లాగేశాం. ఇది వేర్. ఒక్కో టిక్కీని విడిగా చూసి ఉంచాలో తీసేయాలో తేల్చే పని. మిగిలినవాటిని రకాలవారీగా కుప్పలు పెట్టాం. ఇది గ్రూప్ బై. ఆ తర్వాత సగటు ధర 15,000 దాటిన రకాలేవో చెప్పమన్నారు. ఈ ప్రశ్నకు ఏ ఒక్క టిక్కీ దగ్గరా జవాబు దొరకదు. సగటు అనేది టిక్కీకి ఉండదు, కుప్పకే ఉంటుంది. కుప్ప పోసేదాకా అది పుట్టనే పుట్టదు. పుట్టాక దాన్నిబట్టి కుప్పను ఉంచడమో ఎత్తేయడమో హ్యావింగ్ పని.

సెలెక్ట్ రకం, ఏవీజీ(ధర)
ఫ్రమ్ టిక్కీలు
వేర్ తరగతి <> 'తాలు'
గ్రూప్ బై రకం
హ్యావింగ్ ఏవీజీ(ధర) > 15000

రెంటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో చిన్న లెక్కలో చూడొచ్చు. తేజ టిక్కీలు మూడు, ధరలు 18,000, 17,000, 10,000. 341 రకం రెండు, 15,500, 15,300. నంబర్-5 రెండు, 16,000, 9,000. సగటు 15,000 దాటిన రకాలు కావాలంటే మిగిలేది 341 ఒక్కటే. తేజ సగటు సరిగ్గా 15,000, అంటే గీత మీద నిలబడింది, దాటలేదు. ఇదే షరతును పొరపాటున హ్యావింగ్‌లో కాక వేర్‌లో "ధర > 15000" అని పెట్టామనుకోండి. చవక టిక్కీలు కుప్ప పోయకముందే వెళ్ళిపోతాయి, మూడు రకాలూ జవాబులోకి వస్తాయి, తేజ సగటు 17,500 అని మెరిసిపోతుంది. కంప్యూటర్ ఎర్రర్ ఇవ్వదు. రెండూ చక్కటి క్వెరీలే, రెండూ నిజమైన జవాబులే. ప్రశ్నలు వేరు, అంతే.

మనుషుల లెక్కల్లో కుప్పలు పోసే ఈ పనిని పెద్ద ఎత్తున యంత్రానికి అప్పజెప్పింది అమెరికా జనాభా లెక్కల వాళ్ళు. 1880 నాటి జనగణనలో 5 కోట్ల మంది వివరాలు చేత్తో క్రోడీకరించడానికి ఏడేళ్ళకు పైగా పట్టింది. ఇంకో జనగణన వచ్చేలోగా పాతది పూర్తయితే చాలన్న పరిస్థితి. ఆ కార్యాలయంలో పనిచేసిన హెర్మన్ హాలెరిత్ అనే కుర్ర ఇంజినీరు, అక్కడే ఉన్న జాన్ షా బిల్లింగ్స్ ఇచ్చిన ఆలోచన పట్టుకుని, 1890 జనగణన నాటికి చిల్లుల కార్డుల యంత్రం తయారుచేశాడు. మనిషికో కార్డు. మగో ఆడో, వయసెంతో, పుట్టిందెక్కడో, ఒక్కోదానికి ఒక్కో చోట చిల్లు. కార్డును ప్రెస్సులో పెట్టి పిడి దించితే స్ప్రింగు సూదులు కిందికి వస్తాయి. చిల్లు ఉన్నచోట సూది కార్డు దాటి కింద పాదరసం గిన్నెలో మునుగుతుంది, కరెంటు ప్రవహిస్తుంది, ఎదురుగా ఉన్న డయల్ మీద ముల్లు ఒక గీత జరుగుతుంది. అలాంటి డయళ్ళు 40.

నాకు ముచ్చటగా అనిపించేది పక్కనున్న పెట్టె. కార్డు చదవగానే అందులో ఏదో ఒక గడి మూత దానంతటదే తెరుచుకునేది, గుమస్తా కార్డును అందులో పడేసి మూత వేసేవాడు. అదే గ్రూప్ బై, చెక్కలోనూ ఇనుములోనూ. రిలేలను తీగలతో కలిపి "మగవాడూ, విదేశంలో పుట్టినవాడూ అయితేనే లెక్కించు" అని కూడా చెప్పగలిగేవారు. అది వేర్. డయల్ చేసేది కౌంట్. ఇన్నీ ఉన్న ఆ యంత్రంలో హ్యావింగ్ మాత్రం లేదు. ఫలానా సంఖ్య దాటిన గుంపులేవో చూడాలంటే డయళ్ళ అంకెలు కాగితం మీదికెక్కాక ఎవరో పెన్సిలు పట్టుకుని టిక్కులు పెట్టుకోవాల్సిందే. హ్యావింగ్ ఇంకా చాలా ఏళ్ళు గుమస్తా కంట్లోనే ఉండిపోయింది.

హాలెరిత్ 1896లో పెట్టిన కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసింది, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. అలా మన కథ ఊరు మారినా ఇల్లు మారలేదు.

కంప్యూటర్లు వచ్చాక కోబాల్ అనే భాషలో రాసే ప్రోగ్రామర్లు గుమస్తా కన్నును ప్రోగ్రాములోకి ఎక్కించారు. ఫైలును ముందు విభాగాలవారీగా సార్ట్ చేస్తారు, తర్వాత ఒక్కో రికార్డు చదువుతూ మొత్తం కూడుతూ పోతారు. విభాగం నంబరు మారిన క్షణాన ఆగి, అప్పటిదాకా కూడినది అచ్చు వేసి, లెక్క సున్నాకి తెచ్చి మళ్ళీ మొదలు. దీన్ని కంట్రోల్ బ్రేక్ అంటారు. అచ్చు వేసే ముందు "మొత్తం ఇంత దాటితేనే" అని ఒక ఇఫ్ పెడితే అదే హ్యావింగ్. పని జరిగేది గానీ, ప్రతి కొత్త ప్రశ్నకీ కొత్త ప్రోగ్రాము రాయాలి. డేటా ఏ గొలుసులో ఎక్కడ దాక్కుందో ప్రోగ్రామరుకి తెలిసుండాలి. 1973లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న చార్లెస్ బాక్‌మన్ తన ఉపన్యాసంలో ప్రోగ్రామర్‌ను నావికుడితో పోల్చాడు, అదీ గొప్పగానే.

ఐబీఎం శాన్ హొసే ప్రయోగశాలలో ఉన్న ఎడ్గర్ కాడ్‌కి ఈ నావికుడు నచ్చలేదు. కాడ్ ఇంగ్లండులో 1923లో పుట్టినవాడు, రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్‌ఫోర్స్ పైలట్. 1970 జూన్‌లో అచ్చయిన ఆయన పేపరు చెప్పింది ఇది: డేటా అంతా పట్టికల్లో పెట్టండి, ఏం కావాలో చెప్పండి, ఎలా తేవాలన్నది యంత్రానికి వదిలేయండి. గణితం తెలిసినవాడు కాబట్టి ఆ "ఏం కావాలో" చెప్పడానికి ప్రతిపాదించిన భాష తలకిందులైన ఏలూ, వెనక్కి తిరిగిన ఈలూ నిండిన తర్కశాస్త్రం. పట్టికలను కోయడం, అతకడం, వడగట్టడం అన్నీ అందులో నిక్కచ్చిగా ఉన్నాయి. కూడికలూ సగటులూ మాత్రం ఆ మూల పరికరాల్లో లేవు. గణితజ్ఞుడికి అవి చిల్లర లెక్కలుగా కనిపించి ఉండొచ్చు. వ్యాపారికి కావలసినవి మాత్రం ఆ చిల్లర లెక్కలే.

కాడ్ చెప్పినదాన్ని మామూలు మనుషుల నోటికి అందించాలని పూనుకున్నవాళ్ళు ఐబీఎంలోనే ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు, డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్. వాళ్ళ మొదటి ప్రయత్నం స్క్వేర్ అనే భాష. అందులో అక్షరాలు గీతకి కిందా పైనా రాయాలి, కీబోర్డు మీద కొట్టడం కుదరదు. 1973లో న్యూయార్క్ వైపు నుంచి శాన్ హొసేకి మారి, గుర్తులన్నీ తీసేసి, ఇంగ్లీషు వాక్యంలా చదువుకునే భాష అల్లారు. పేరు సీక్వెల్. 1974 మేలో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో పేపరు చదివారు. అదే సదస్సులో కాడ్‌కీ బాక్‌మన్‌కీ పేరుమోసిన వాదం నడిచింది, అందరి చూపూ దాని మీదే. ప్రపంచాన్ని ఏలబోయే భాష ఓ మూల చడీచప్పుడూ లేకుండా వచ్చి వెళ్ళింది. ఆ తర్వాత కొన్ని వారాలకే బోయిస్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ముప్పై ఏళ్ళు నిండలేదు. డేటాబేస్ చదివే ప్రతి విద్యార్థీ పలికే బోయిస్-కాడ్ నార్మల్ ఫామ్‌లో ఆ పేరు మిగిలింది.

చాంబర్లిన్ మరో ఏడుగురితో కలిసి 1976 నవంబరులో ఐబీఎం పరిశోధన పత్రికలో సీక్వెల్-2 ప్రకటించాడు. అందులో గ్రూప్ బై పక్కనే కుదురుగా కూర్చుని హ్యావింగ్ కనిపిస్తుంది. ఉదాహరణ కూడా మన నోట్సులో ఉన్నట్టే ఉంటుంది: ఉద్యోగుల పట్టిక, విభాగాలవారీగా గుంపులు, సగటు జీతం ఒక మొత్తానికి తక్కువగా ఉన్న విభాగాల నంబర్లు. పేరు సీక్వెల్ నుంచి ఎస్‌క్యూఎల్‌గా కుదించుకుపోయింది ఆ తర్వాతే. సీక్వెల్ అనే పేరు మీద ఒక బ్రిటిష్ విమాన కంపెనీకి హక్కు ఉందని తేలిందట.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. ఆ భాషలో వాక్యమంటే సెలెక్ట్, ఫ్రమ్, వేర్ అనే మూడు అంకణాల ఇల్లు. ఫ్రమ్ దగ్గర ముందే పేరు పెట్టి ఉన్న పట్టికనే చెప్పాలి. ఒక వాక్యం ఇచ్చిన జవాబును ఇంకో వాక్యానికి పట్టికగా అక్కడ నేరుగా అందించే దారి అప్పట్లో లేదు. ఆ దారి ఉంటే ముందు కుప్పలు పోసి, ఆ కుప్పల పట్టికని ఫ్రమ్‌లో పెట్టి, దానికి మామూలు వేర్ తగిలిస్తే సరిపోయేది. దారి లేదు కాబట్టి ఇంటి వెనక ఇంకో గది దించారు. ఆ గది పేరు హ్యావింగ్. వేర్ అనే మాటే రెండుసార్లు వాడితే ఏది కుప్పకు ముందో ఏది తర్వాతో చదివేవాడికి తికమక, అందుకనే కాబోలు వేరే మాట. నేను దీన్ని తప్పు అనను. భాషను కాలేజీ కుర్రవాళ్ళ చేత రాయించి ఎక్కడ తడబడుతున్నారో ఫిలిస్ రైస్నర్ అనే పరిశోధకురాలు పరీక్షలు పెట్టి మరీ చూసిన రోజులవి. మనిషికి సులువుగా ఉందా లేదా అన్నదాన్ని వాళ్ళు పట్టించుకున్నారు.

అదే సమయంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ నడిపిన ఇంగ్రెస్ ప్రాజెక్టుకు క్వెల్ అనే వేరే భాష ఉండేది. అందులో హ్యావింగ్ లేదు. సగటు అన్న ఫంక్షన్ లోపలే "విభాగంవారీగా" అని రాసేస్తారు, దాన్ని నేరుగా వేర్‌లో పెట్టుకుంటారు. హ్యావింగ్ లేకుండా బతకవచ్చని ఆనాడే రుజువైంది. క్వెల్ ఎందుకు ఓడిందంటే మాత్రం భాష బాగోక కాదు. ఎస్‌క్యూఎల్ వెనక ఐబీఎం ఉంది. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ ముద్ర పడ్డాక పోటీ ముగిసింది.

ఇక్కడ తెలుగువాడిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఎస్‌క్యూఎల్ నేర్పేటప్పుడు పిల్లలు మొదట తడబడేది వరస దగ్గర. రాసేది సెలెక్ట్‌తో మొదలవుతుంది, అర్థం చేసుకోవాల్సింది ఫ్రమ్ నుంచి. ముందు ఫ్రమ్, తర్వాత వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, ఆఖర్న సెలెక్ట్. బోర్డు మీద బాణాలు గీసి చెప్పాలి. ఇంగ్లీషు ఆజ్ఞావాక్యంలో క్రియ ముందొస్తుంది కాబట్టి సెలెక్ట్ ముందుకొచ్చి కూర్చుంది. అదే సంగతి తెలుగులో చెప్పి చూడండి. "ఈ టిక్కీల్లోంచి, తాలు కానివి తీసుకుని, రకాలవారీగా కుప్పలు పోసి, సగటు పదిహేను వేలు దాటిన కుప్పల పేర్లు చెప్పు." ఏ బాణమూ అక్కర్లేదు. మన వాక్యం నడిచిన వరసే క్వెరీ తర్కం నడిచే వరస. గ్రూప్ బైకి మనకి ప్రత్యయమే ఉంది: జిల్లాలవారీగా, రకాలవారీగా. రైత్వారీ అన్న మాటలో ఉన్న ఆ "వారీ"యే ఇదీ. ఇంకా చిత్రం, వేర్‌కీ హ్యావింగ్‌కీ మనం రెండు మాటలు వెతుక్కోం. "తాలు కాని టిక్కీలు", "సగటు దాటిన కుప్పలు." విశేషణం ఏ నామవాచకం ముందు నిలబడిందన్నదే తేడా.

మళ్ళీ అమీర్‌పేటకి వద్దాం. ఐబీఎం తన సరుకు బజారుకి తెచ్చేలోపే, 1979లో, ఆ పేపర్లు చదివి లారీ ఎలిసన్ వాళ్ళ కంపెనీ ఒరాకిల్ అమ్మింది. మొదటి విడుదలకే వెర్షన్-2 అని పేరు పెట్టారు, ఒకటో వెర్షన్ ఎవరూ కొనరని. తొలినాళ్ళ ఉద్యోగి బ్రూస్ స్కాట్ పేరు లాగిన్‌గా, ఇంట్లో పిల్లి పేరు టైగర్ పాస్‌వర్డుగా ఒక నమూనా ఖాతా పెట్టారు. స్కాట్, టైగర్ అన్న ఆ జంట పేర్లు తెలుగునాట ఎన్ని వేలమంది వేళ్ళకు అలవాటయ్యాయో లెక్కలేదు. ఆ ఖాతాలో ఎంప్ టేబుల్, 14 మంది ఉద్యోగులు. డెప్ట్ టేబుల్, 4 విభాగాలు. సగటు జీతం 2,000 దాటిన విభాగాలు ఏవంటే 10, 20 వస్తాయి. 10లో సుమారు 2,917, 20లో 2,175. అమ్మకాల విభాగం 30లో ఆరుగురున్నా సగటు 1,567 దగ్గర ఆగిపోతుంది.

మరి ఎవరూ లేని విభాగం ఏది? డెప్ట్ టేబుల్లో 40వ నంబరు, ఆపరేషన్స్, ఊరు బోస్టన్. అక్కడ ఒక్క ఉద్యోగీ లేడు. దాన్ని పట్టుకోవాలని ఎంప్ మీద గ్రూప్ బై పెట్టి "హ్యావింగ్ కౌంట్(*) = 0" అని రాస్తే ఏమీ రాదు. ఎప్పటికీ రాదు. గ్రూప్ బై కుప్పలు పోసేది ఉన్న రోలతో. ఒక్క రో కూడా లేని గుంపుకు కుప్పే పడదు, పడని కుప్పను హ్యావింగ్ ఏమని అడుగుతుంది?

ఇది పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సంస్థకి పనిచేస్తున్నప్పుడు, కిందటి నెలలో ఒక్క లావాదేవీ కూడా జరగని శాఖల జాబితా కావాలన్నారు. సరిగ్గా ఇలాగే రాశాను. ఖాళీ జాబితా వచ్చింది. "అన్ని శాఖలూ పనిచేస్తున్నాయి సార్" అని ధీమాగా చెప్పాను. రెండు వారాల తర్వాత మూడు శాఖలు నెల పొడుగునా నిద్రపోయాయని ఫోన్లో తెలిసింది. ఆ రోజు మా సారు నన్ను తిట్టలేదు, పక్కన కూర్చోబెట్టుకుని ఆ నమూనా ఖాతాలోనే డెప్ట్‌ని ఎడమవైపు పెట్టి ఎంప్‌తో లెఫ్ట్ జాయిన్ రాయించారు. అయినా 40 పక్కన సున్నా రాలేదు, 1 వచ్చింది! కౌంట్(*) లెక్కపెట్టేది రోలను. జాయిన్ తర్వాత 40వ విభాగానికి ఉద్యోగి వివరాలు ఖాళీగా ఉన్న ఒక రో మిగులుతుంది కదా, దాన్ని లెక్కపెట్టేసింది. ఉద్యోగి నంబరు కాలమ్ పేరు చెప్పి కౌంట్ అడిగితే గానీ సున్నా పలకలేదు.

ఖాళీ గడి, అంటే నల్, పెట్టే తంటాలు అక్కడితో ఆగవు. ఎంప్‌లో కమిషన్ కాలమ్ సగటు అడగండి. 300, 500, 1,400, టర్నర్‌ది 0. మొత్తం 2,200. పద్నాలుగు మందితో భాగించదు, నలుగురితోనే భాగించి 550 అంటుంది. టర్నర్ సున్నా సున్నాయే, లెక్కలోకి వస్తుంది. మిగతా పదిమందివీ నల్, వాళ్ళు లేనట్టే. పైగా రెండు నల్‌లు సమానమా అని వేర్‌లో అడిగితే తెలియదంటుంది, అదే గ్రూప్ బై దగ్గరికొచ్చేసరికి నల్‌లన్నిటినీ ఒకే కుప్పలో పోస్తుంది. ఇది న్యాయమా అంటే నేను జవాబు చెప్పను గానీ, రిపోర్టులో పేరులేని ఆ ఒక్క కుప్పను చూసి చాలాసార్లు డేటా ఎంట్రీ తప్పులు పట్టుకున్నాను.

రిపోర్టుల్లో హ్యావింగ్‌కి దొరికే రోజువారీ కూలి ఏదంటే నకళ్ళు పట్టుకోవడం. పేరు, పుట్టిన తేదీ మీద గ్రూప్ బై, "హ్యావింగ్ కౌంట్(*) > 1". ఒకే మనిషి రెండుసార్లు ఎక్కితే దొరికిపోతాడు. మన పేర్లతో ఇది కత్తి మీద సాము. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి కె. వెంకటేశ్వరరావు అని రాసుకునే చోట ఇద్దరు వేరువేరు మనుషులు, పుట్టిన తేదీ కూడా కలిస్తే, ఒకే కుప్పలో పడతారు. అదే మనిషి పేరును ఇంగ్లీషులో ఒకచోట డబ్ల్యూతోనూ ఇంకోచోట వీతోనూ రాస్తే రెండు కుప్పల్లో పడి తప్పించుకుంటాడు. హ్యావింగ్ చూపించింది అనుమానమే, తీర్పు కాదని కొత్తవాళ్ళకి చెప్తూనే ఉంటాను.

యంత్రం లోపల కుప్పలు పోసే పద్ధతి కూడా మారుతూ వచ్చింది. పాతరోజుల్లో కోబాల్ వాళ్ళలాగే డేటాబేస్ కూడా ముందు సార్ట్ చేసేది, ఒకే విభాగంవాళ్ళు పక్కపక్కకి వచ్చేవారు. దాంతో జవాబు కూడా వరసలో వచ్చేది. అలా వస్తుందని ఎవరూ మాటివ్వలేదు, అయినా అందరూ నమ్మి ఆర్డర్ బై రాయడం మానేశారు. తర్వాత హాషింగ్ వచ్చింది. విభాగం నంబరు మీద ఒక లెక్క వేసి ఏ గడిలో పడాలో తేల్చి అందులో వేయడం, హాలెరిత్ పెట్టెలాగా. సార్ట్ అక్కర్లేదు కాబట్టి చాలాసార్లు ఇదే వేగం. ఒరాకిల్ 10జీ రెండో విడుదలలో గ్రూప్ బైకి ఈ పద్ధతి రాగానే, ఏళ్ళ తరబడి వరసలో వచ్చిన రిపోర్టులు చెదిరిపోయి వచ్చాయి. చాలాచోట్ల అప్‌గ్రేడ్ పాడైందని గోల. పాడైంది అలవాటు.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసుది ఒక రకం ఉదారత. విభాగంవారీగా గుంపు చేసి, సెలెక్ట్‌లో ఉద్యోగి పేరు కూడా అడిగితే చాలా డేటాబేసులు ఒప్పుకోవు. ఆరుగురున్న కుప్పకి ఏ పేరు చెప్పమంటావని అడుగుతాయి. పాత మైఎస్‌క్యూఎల్ అడగకుండా చేతికందిన పేరు ఒకటి ఇచ్చేసేది. 5.7 వెర్షన్ నుంచి ఆ ఉదారత డిఫాల్ట్‌గా కట్టేశారు.

హ్యావింగ్‌ని కొందరు పరిశోధకులు తలకెత్తుకున్న కాలం కూడా ఉంది. 1990ల్లో సూపర్ బజార్ల బిల్లులు కోట్లలో పోగుపడ్డాయి. ఏ రెండు వస్తువులు కలిసి ఇన్నిసార్లకు మించి అమ్ముడయ్యాయి అన్నది హ్యావింగ్ కౌంట్ ప్రశ్నే, అయితే జంటల కుప్పలు లెక్కకు మిక్కిలి. ఐబీఎం ఆల్మడెన్ కేంద్రంలో, అంటే కాడ్ పనిచేసిన శాన్ హొసే ప్రయోగశాల వారసత్వపు ఇంట్లోనే, రాకేష్ అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ 1994లో అప్రయోరి అనే పద్ధతి ప్రకటించారు. బెండకాయలూ పెరుగూ కలిసి వెయ్యిసార్లు అమ్ముడవ్వాలంటే బెండకాయలు విడిగా కనీసం వెయ్యిసార్లు అమ్ముడై తీరాలి కదా. అవి తొమ్మిది వందలే అయితే బెండకాయలున్న జంటలన్నిటినీ చూడకుండానే కొట్టేయొచ్చు. కుప్ప పోశాక అడగాల్సిన ప్రశ్నకి కుప్ప పోయకుండానే జవాబు చెప్పడమన్నమాట. కౌంట్ విషయంలో ఇది చెల్లుతుంది, సగటు విషయంలో చెల్లదు. విడివిడిగా సగటు తక్కువున్న రెండు వస్తువులు కలిసిన జంటలో పెద్ద సగటు దాగి ఉండవచ్చు.

1998లో స్టాన్‌ఫర్డ్‌లో రాజీవ్ మోత్వానీ, జెఫ్రీ ఉల్‌మన్ తదితరులు ఇలాంటివాటికి ఐస్‌బర్గ్ క్వెరీలని పేరు పెట్టారు. కుప్పలు కోట్లు, హ్యావింగ్ దాటి పైకి కనిపించేవి గుప్పెడు. మెమరీలో అన్ని కుప్పలకీ చోటు లేదు. వాళ్ళ ఉపాయాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. కొన్ని కుండలు పెట్టుకుని ఒక్కో కుండలోకి చాలా కుప్పలను కలగాపులగంగా పోసేయడం, కుండ మొత్తమే గీత దాటకపోతే అందులోని ఏ కుప్పా దాటలేదని కుండను కుండలాగే పారబోయడం. మిగిలిన కుండలనే నిదానంగా చూసుకోవచ్చు.

ఇంతలో హ్యావింగ్ పుట్టుకకి కారణమైన కొరత తీరిపోయింది. 1992 ప్రమాణంలో ఫ్రమ్ దగ్గర ఇంకో క్వెరీని పట్టికలా పెట్టుకోవచ్చన్నారు. ఆనాటి నుంచి తర్కరీత్యా హ్యావింగ్ అక్కర్లేదు. ఎస్‌క్యూఎల్‌ని జీవితమంతా విమర్శిస్తూ వచ్చిన క్రిస్ డేట్, గ్రూప్ బై, హ్యావింగ్ రెండూ భాషకి అదనపు బరువేనని వాదించాడు. వాదన సరైనదే. కానీ అప్పటికే హ్యావింగ్ కోట్ల వరసల్లో పాకిపోయింది. పైగా వెనక గది దించడం అలవాటైన ఇంట్లో గదులు దిగుతూనే ఉంటాయి. రోలను కుప్ప చేయకుండానే వాటి మీద లెక్కలు వేసే విండో ఫంక్షన్లు వచ్చాక, వాటి ఫలితాన్ని వడగట్టడానికి వేర్ పనికిరాదు, హ్యావింగూ పనికిరాదు, ఎందుకంటే అవి ఆ రెండూ అయ్యాక లెక్కకొస్తాయి. టెరాడేటా వాళ్ళు క్వాలిఫై అనే మూడో మాట పెట్టారు, స్నోఫ్లేక్, బిగ్‌క్వెరీ లాంటి డేటాబేసులు అందుకున్నాయి. వడగట్టడానికి ఇప్పుడు మూడు మాటలు.

2024లో గూగుల్ ఇంజినీర్లు ఒక పేపరు వేశారు. ఎస్‌క్యూఎల్‌ని పైపు గీతలతో మెట్లుగా రాసే పద్ధతి. ఫ్రమ్‌తో మొదలు. తర్వాత వేర్. తర్వాత అగ్రిగేట్, అందులోనే గ్రూప్ బై. ఆ తర్వాత మళ్ళీ వేర్. ప్రతి మెట్టూ తన ముందు మెట్టు ఇచ్చిన పట్టికనే చూస్తుంది కాబట్టి కుప్పకు ముందు నిలబడిన వేర్ టిక్కీలను వడగడుతుంది, తర్వాత నిలబడినది కుప్పలను వడగడుతుంది. హ్యావింగ్ లేదు, క్వాలిఫై లేదు. అది చదువుతుంటే టిక్కీల్లోంచి, తాలు కానివి తీసుకుని, కుప్పలు పోసి అన్న మన వాక్యమే వినిపించింది నాకు. బిగ్‌క్వెరీలోనూ, 2025లో వచ్చిన స్పార్క్ 4.0లోనూ ఇది పనిచేస్తోంది.

ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరింది. మొన్న ఇదంతా చెప్పి, 1976 పేపర్లో ఉన్నటువంటి ఉద్యోగుల పట్టిక ఒకటి పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో కట్టించాను. సెలెక్ట్, ఫ్రమ్, గ్రూప్ బై, హ్యావింగ్ అని నాలుగు వరసలు కొట్టి ఎంటర్ నొక్కింది. యాభై ఏళ్ళ నాటి వాక్యం, అక్షరం మార్చలేదు. రెండు విభాగాల నంబర్లు వచ్చాయి. "మూడోది ఏమైందండీ?" అంది. ఆ విభాగంలో నేను ఉద్యోగుల్ని ఎక్కించడం మర్చిపోయాను.